వాద్యకారుల నోట జాజ్ చరిత్ర: జ్ఞాపకానికి ఉన్న బలమూ పరిమితీ

జాజ్ సంగీతపు తొలి దశాబ్దాల చరిత్రలో అధిక భాగం, ఆ సంగీతాన్ని వాయించినవారు నడివయసు దాటాక చెప్పిన మాటల మీద ఆధారపడి ఉంది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రేవుపట్టణంలో ఊరేగింపుల్లో, శవయాత్రల్లో, నాట్యశాలల్లో, సారాయి దుకాణాల్లో పెరిగిన ఈ సంగీతానికి ప్రాణం ఆశువాదనం, అంటే ముందుగా రాసుకోకుండా వాయిస్తూనే కొత్త సంచారాలు అల్లుకొంటూ పోవడం. కనుక కాగితం మీద అచ్చయిన స్వరలిపికి అందులో చిక్కింది కొద్దిపాటే. వాయించినవారిలో ఎక్కువమంది నల్లజాతివారూ, ఐరోపా, ఆఫ్రికా సంతతులు కలిసిన క్రియోల్ కుటుంబాలవారూ కావడంతో ఆనాటి తెల్లవారి పత్రికలు వారిని పెద్దగా పట్టించుకోలేదు. గ్రామఫోను కంపెనీలు కూడా 1917 ఫిబ్రవరిలో ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ అనే తెల్లవారి బృందాన్ని రికార్డు చేసేదాకా ఈ సంగీతం వైపు చూడలేదు. అంతకు ముందు ఎవరు ఎక్కడ ఏమి వాయించారో తెలుసుకోవాలంటే బతికి ఉన్నవారిని అడగడం తప్ప దాదాపు మరో దారి లేకపోయింది.

అలా అడిగి, జవాబులను ధ్వనిముద్రికల్లోనో రాతలోనో భద్రపరచి, వాటిని చారిత్రక ఆధారంగా వాడుకొనే పద్ధతిని మౌఖిక చరిత్ర అంటారు. జాజ్ విషయంలో ఇది 1938లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెద్ద ఎత్తున మొదలైంది. 1958లో న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయంతో ఒక జాజ్ అభిలేఖాగారం ఏర్పడింది. 1972 నుంచి కళలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ వృద్ధ వాద్యకారుల ఇంటర్వ్యూలకు డబ్బు సమకూర్చగా, ఆ టేపులూ రాతప్రతులూ కాలక్రమంలో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1992లో స్మిత్సోనియన్ సంస్థ తన జాజ్ మౌఖిక చరిత్ర కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంత సామగ్రి పోగయ్యాక అందులో ఎంత నమ్మదగిందన్న ప్రశ్న తప్పలేదు. ఈ ప్రశ్నకు అన్నింటికీ వర్తించే ఒక్క జవాబు కుదరదు. ఏ సంగతి గురించి అడిగారు, ఎవరు అడిగారు, చెప్పినవారికి ఆ సమయంలో ఏమి అవసరం ఉంది అన్న మూడింటిని బట్టి జ్ఞాపకం విలువ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

పేచీ పుట్టిన తేదీ దగ్గరే మొదలవుతుంది. ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న, 1900లో పుట్టానని జీవితాంతం చెప్పాడు. 1971లో ఆయన మరణించేనాటికి అందరూ నమ్మినదీ అదే. 1988లో టాడ్ జోన్స్ అనే పరిశోధకుడు న్యూ ఆర్లియన్స్‌లోని ఒక కాథలిక్ చర్చి రిజిస్టరులో ఆర్మ్‌స్ట్రాంగ్ జ్ఞానస్నానపు నమోదును కనుగొన్నప్పుడు అసలు తేదీ 1901 ఆగస్టు 4 అని తేలింది. పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మార్టన్ తన పుట్టిన సంవత్సరం 1885 అని చెప్పుకోగా, చర్చి పత్రం 1890 అక్టోబరు అని చూపుతోంది. ట్రంపెట్ వాద్యకారుడు బంక్ జాన్సన్ 1879లో పుట్టానన్నాడు గాని, తర్వాతి పరిశోధకులు ఆ సంవత్సరాన్ని దాదాపు పదేళ్లు ముందుకు జరిపారు. ఆ ఊళ్లో, ఆ కాలంలో పేదల ఇళ్లలో జననాలను పద్ధతిగా నమోదు చేయించేవారు కారు కనుక ఆర్మ్‌స్ట్రాంగ్‌కు తన అసలు తేదీ నిజంగానే తెలియకపోయి ఉండవచ్చు. మిగిలిన ఇద్దరి విషయంలో తేడా ఎటువైపు ఉందన్నది గమనించాలి. ఇద్దరూ తమను పెద్దవారిగా చూపుకొన్నారు, ఎందుకంటే జాజ్ పుట్టుకను కళ్లారా చూశామని చెప్పుకోవడానికి ఆ వయసు కావాలి.

మార్టన్ ఉదాహరణ ఇందులో అన్నిటికంటే నిండైనది. 1938లో ఒక రేడియో కార్యక్రమం స్వరకర్త డబ్ల్యూ. సి. హాండీని జాజ్‌కూ బ్లూస్‌కూ ఆద్యుడిగా పరిచయం చేయడంతో ఆగ్రహించిన మార్టన్, తానే 1902లో జాజ్‌ను సృష్టించానని రాసిన సుదీర్ఘమైన లేఖ అదే సంవత్సరం డౌన్‌బీట్ పత్రికలో అచ్చయింది. చర్చి పత్రం ప్రకారం 1902లో ఆయనకు మహా అయితే 12 ఏళ్లు. ఆ లేఖ రాసేనాటికి ఆయన వాషింగ్టన్‌లో ఒక చిన్న క్లబ్బులో వాయిస్తూ బతుకు వెళ్లదీస్తున్నాడు. 1920లలో రికార్డుల మీద వెలిగిన పేరు మసకబారింది, తన రచనల మీద రావలసిన డబ్బు ప్రచురణకర్తలు తనకు దక్కనివ్వలేదన్న కోపం మిగిలింది. 1938 మే నెలలో జానపద సంగీత సేకర్త ఆలన్ లోమాక్స్ ఆయనను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కూలిడ్జ్ సభామందిరంలో పియానో ముందు కూర్చోబెట్టి డిస్కుల మీద రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఎనిమిది గంటలకు పైగా సాగిన ఆ ముద్రణలో మార్టన్ మాట ఆపకుండానే కింద మెల్లగా స్వరాలు మోగిస్తూ, చెబుతున్న కథకు తనే నేపథ్య సంగీతం సమకూర్చుకొంటూ, ఒక్కొక్క పాత వాద్యకారుడి బాణీని వాయించి చూపిస్తూ పోతాడు.

ఆ రికార్డింగులో రెండు రకాల సాక్ష్యం పక్కపక్కనే ఉంది. ‘టైగర్ రాగ్’ అనే ప్రసిద్ధ రచనను ఫ్రెంచి నాట్యసంగీతమైన క్వాడ్రిల్ నుంచి తానే తయారుచేశానని మార్టన్ వాయించి మరీ చూపించాడు. ఆ దావాను పండితులు ఎక్కువమంది ఒప్పుకోలేదు. అయితే టోనీ జాక్సన్ అనే పియానో వాద్యకారుడు ఒక్క రికార్డు కూడా చేయకుండానే 1921లో మరణించాడు. ఆయన పాడే తీరు, వాయించే తీరు ఎలా ఉండేవో వినిపించే ఆధారాల్లో మార్టన్ చేసిన అనుకరణ చాలా విలువైనది. ఎవరు ముందు అన్న వాదంలో తూలిపోయిన మనిషే, ఎలా వాయించారన్న ప్రశ్నకు చేతివేళ్లతో జవాబిచ్చినప్పుడు బలమైన సాక్షిగా నిలిచాడు. 1950లో, మార్టన్ మరణించిన తొమ్మిదేళ్లకు, లోమాక్స్ ఈ సంభాషణలను కూర్చి పుస్తకంగా వెలువరించినప్పుడు వాటి వరుస మారింది, అతుకులు పడ్డాయి. అందుచేత నేటి పరిశోధకులు పుస్తకం కంటే 2005లో పూర్తి రూపంలో విడుదలైన ధ్వనిముద్రికనే ప్రమాణంగా తీసుకొంటారు.

అడిగేవారి కోరిక జవాబును ఎలా మలుస్తుందో బంక్ జాన్సన్ ఉదంతం చూపుతుంది. 1930ల చివర కొందరు యువ రచయితలు, రికార్డుల సేకర్తలు జాజ్ మూలాలను వెతుకుతూ లూసియానాలోని న్యూ ఐబీరియా అనే చిన్న ఊళ్లో ఆయనను కనుగొన్నారు. అప్పటికి పళ్లూడిపోయి, వాద్యం చేజారి, కూలిపనులతో కాలం గడుపుతున్న జాన్సన్‌కు వారు చందాలు పోగుచేసి కట్టుడు పళ్లు, ట్రంపెట్ సమకూర్చారు. వారికి కావలసింది బడీ బోల్డెన్ కథ. కార్నెట్ వాద్యకారుడైన బోల్డెన్‌ను న్యూ ఆర్లియన్స్ వృద్ధుల్లో చాలామంది తొలి జాజ్ నాయకుడిగా తలచేవారు; ఆయన వాదనం రికార్డుగా ఏదీ మిగల్లేదు, 1907లో మానసిక చికిత్సాలయంలో చేరి 1931లో అక్కడే మరణించాడు. తాను 1895లోనే బోల్డెన్ బృందంలో వాయించానని జాన్సన్ చెప్పిన మాటకు 1939లో వెలువడిన ‘జాజ్‌మెన్’ అనే గ్రంథంలో గొప్ప స్థానం దక్కింది. అదే గ్రంథం బోల్డెన్‌ను మంగలిగా, ‘క్రికెట్’ అనే గాలికబుర్ల పత్రిక నడిపినవాడిగా చిత్రించింది. పరిశోధకుడు డొనాల్డ్ మార్క్విస్ నగర డైరెక్టరీలు, పోలీసు కాగితాలు, చర్చి, ఆసుపత్రి రికార్డులు ఏళ్ల తరబడి తిరగేసి 1978లో ప్రచురించిన జీవితచరిత్ర ఈ రెండింటికీ ఆధారం లేదని తేల్చింది. సరిదిద్దిన పుట్టిన సంవత్సరం ప్రకారం జాన్సన్ చెప్పిన 1895 నాటి మాటా నిలవదు. అయితే ఆయన అబద్ధమాడాడని మాత్రమే చెప్పి ఊరుకొంటే సగం కథే చెప్పినట్లవుతుంది. పళ్లనూ వాద్యాన్నీ బతుకుతెరువునూ తిరిగి తెచ్చిపెట్టినవారు ఏ ప్రశ్నకు ఏ జవాబు ఆశించారో గ్రహించడం ఆయనకు కష్టం కాలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ జ్ఞాపకాలు వేరే తరహావి. చిన్నతనంలో నూతన సంవత్సరపు సంబరాల్లో వీధిలో పిస్తోలు పేల్చినందుకు నల్లజాతి బాలల సంస్కరణాలయానికి పంపారని ఆయన పదేపదే చెప్పాడు, 1954 నాటి ఆత్మకథలో రాశాడు. ఆ సంఘటన నిజమేనని 1913 జనవరి 2 నాటి స్థానిక పత్రికలోని చిన్న వార్త రుజువు చేస్తోంది. వీధుల పేర్లతో సహా అన్నీ ఉన్న ఆ వార్త, ఆ బాలుడు అంతకు ముందే కేసుల్లో ఉన్నవాడని కూడా అంటుంది, ఆత్మకథ ఆ ముక్కను మింగేసింది. 1926లో ‘హీబీ జీబీస్’ పాట రికార్డు చేస్తుండగా సాహిత్యం రాసిన కాగితం జారిపోవడంతో అర్థంలేని అక్షరాలతో పాడానని, అలా ‘స్కాట్’ అనే గానపద్ధతి పుట్టిందని ఆయన చెప్పిన మరో కథ ఇంతకంటే ప్రసిద్ధం. ఆ తరహా గానం అంతకు ముందు రికార్డుల మీదనే ఉంది, మార్టన్ అయితే దాన్ని ఇంకా పాతకాలానికి తీసుకుపోయాడు. కాగితం జారిందో లేదో తేల్చే సాక్ష్యం లేదు. ఆ పాట విజయమూ, తర్వాతివారి మీద దాని ప్రభావమూ మాత్రం నిజం. కథ పుట్టించింది పద్ధతిని కాదు, దాని ప్రచారాన్ని.

కొన్నిసార్లు వాద్యకారుడి జ్ఞాపకంగా చలామణి అయ్యే వాక్యం ఆయన నోట ఆ రూపంలో వచ్చినదే కాదు. 1939 డిసెంబరులో హార్లెమ్‌లోని ఒక భోజనశాలలో గిటారు వాద్యకారుడు బిడ్డీ ఫ్లీట్‌తో కలిసి ‘చెరొకీ’ పాట వాయిస్తుండగా సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌కు కొత్త దారి దొరికిందన్న కథ చాలా జాజ్ గ్రంథాల్లో కనిపిస్తుంది. కార్డ్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుచ్ఛం, దాని పైఅంచున ఉండే దూరపు స్వరాలను తీసుకొని వరుస అల్లితే చాలాకాలంగా చెవిలో మెదులుతున్నది చేతికి వచ్చిందన్నది అందులోని సారం. దీని మూలం 1949 సెప్టెంబరులో డౌన్‌బీట్‌లో ఇద్దరు విలేకరులు రాసిన వ్యాసం. అక్కడ ఈ సంగతి ఎక్కువగా విలేకరుల మాటల్లో, ప్రథమ పురుషలో ఉంది. 1955లో నాట్ షపీరో, నాట్ హెంటాఫ్ వాద్యకారుల మాటలతోనే జాజ్ కథను కూర్చిన గ్రంథంలో దాన్ని ఉత్తమ పురుషలోకి మార్చారు. అప్పటి నుంచి అది పార్కర్ సొంత గొంతుగా స్థిరపడింది. 1942 ఆగస్టు నుంచి సంగీతకారుల యూనియన్ రికార్డింగులను నిలిపివేయడం, పెద్ద కంపెనీలతో రాజీ 1944 నవంబరు దాకా కుదరకపోవడం వల్ల బీబాప్ అనే కొత్త శైలి పక్వానికి వచ్చిన కాలానికి రికార్డులు తక్కువ; ఆ లోటు పూడ్చింది ఇలాంటి కథనాలే కనుక వాటి పాఠాన్ని మూలంతో పోల్చి చూడటం మరీ అవసరం.

ఆత్మకథలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గాయని బిల్లీ హాలిడే పేరిట 1956లో వచ్చిన పుస్తకాన్ని పత్రికారచయిత విలియం డఫ్టీ, ఆమెతో జరిపిన సంభాషణలతో పాటు అంతకు ముందు అచ్చయిన ఇంటర్వ్యూల నుంచి కూడా తీసుకొని తయారుచేశాడు. ఆమె పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వయసులు, వారి పెళ్లి గురించి ఆ పుస్తకం చెప్పేవి రికార్డులకు నిలవలేదు. నల్లవారి మూకహత్యలను నిరసించే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాట బాణీలో తనకూ భాగముందన్న మాట కూడా నిలవలేదు, ఆ కవితకూ వరుసకూ కర్త ఏబెల్ మీరొపోల్. 1939 నుంచి ఆ పాటను తన కచేరీలకు ముగింపుగా నిలబెట్టి, దానికి శ్రోతల గుండెల్లో చోటు సంపాదించిన గాయనికి అది తన రచనే అనిపించడం మనసు పనిచేసే తీరును తెలిపే సాక్ష్యం. కర్తృత్వానికి మాత్రం అది సాక్ష్యం కాదు.

ఒకే సంఘటనను పలువురు చెప్పినప్పుడు పరీక్ష సులువవుతుంది. 1941 సెప్టెంబరులో హార్ట్‌ఫర్డ్ నగరంలో క్యాబ్ క్యాలొవే బృందం వాయిస్తుండగా వేదిక మీద ఉమ్మితో తడిపిన కాగితపు ఉండ వచ్చి పడింది. అది ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ పనేనని నిర్ధారించుకొన్న క్యాలొవే తెర దిగాక ఆయన మీదికి వెళ్లాడు. పెనుగులాటలో గిలెస్పీ కత్తి తీశాడు, క్యాలొవేకు గాయమైంది, గిలెస్పీ ఉద్యోగం పోయింది. గిలెస్పీ తాను విసరలేదని మొదటి నుంచీ అన్నాడు; కత్తి పట్టిన చేతిని పక్కకు తోశానని బాస్ వాద్యకారుడు మిల్ట్ హింటన్ చెప్పాడు; ఉండ విసిరింది మరో ట్రంపెట్ వాద్యకారుడు జోనా జోన్స్ అని తర్వాత బయటపడింది. ప్రత్యక్షంగా గాయపడిన మనిషి ఏళ్ల పాటు తప్పు మనిషిని తప్పుపట్టాడు, పక్కన నిలబడిన సహవాద్యకారుడి మాట నిలిచింది. గిలెస్పీ 1979లో వెలువరించిన ఆత్మకథలో తన కథనం పక్కనే ఇతర వాద్యకారుల మాటలనూ అచ్చువేయడం, అవి తనతో విభేదించినా తీసేయకపోవడం ఈ విషయంలో ఆదర్శమైన పద్ధతి.

జ్ఞాపకం గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. వాటర్‌గేట్ కుంభకోణంలో సాక్ష్యమిచ్చిన శ్వేతసౌధ మాజీ న్యాయసలహాదారు జాన్ డీన్ మాటలను, తర్వాత బయటపడిన శ్వేతసౌధపు టేపులతో పోల్చి మనస్తత్వవేత్త ఉల్రిక్ నైసర్ 1981లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఏ రోజు ఎవరు ఏ మాట అన్నారన్న వివరాల్లో డీన్ తరచుగా పొరబడ్డాడు, తన పాత్రను పెంచుకొన్నాడు. అయినా పదేపదే జరిగిన సంభాషణల సారం విషయంలో, అక్కడ నేరం కప్పిపుచ్చుతున్నారన్న విషయంలో ఆయన చెప్పింది నిజమే. వందల రాత్రులు ఒకే రకం వేదికల మీద వాయించిన మనిషికి ఒక్కొక్క రాత్రి విడివిడిగా గుర్తుండదు, అన్నీ కలిసి ఒక రాత్రిగా ముద్దకడతాయి. ఆ ముద్దలో తేదీ తప్పుతుంది, ఆ రాత్రులన్నింటికీ సామాన్యమైన అలవాటు మాత్రం భద్రంగా ఉంటుంది.

ఇలాగని కాగితాన్నీ రికార్డునూ కళ్లు మూసుకొని నమ్మడానికీ వీల్లేదు. 1956లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం ఇచ్చిన కచేరీ పేరిట వెలువడిన ప్రసిద్ధ ఆల్బంలో గణనీయమైన భాగం తర్వాత స్టూడియోలో వాయించి, చప్పట్లు అతికించినదని పరిశోధకులు తేల్చారు. వేదిక మీది అసలు వాదనం, రేడియో వారి టేపు దొరికాక, 1999లో గాని పూర్తిగా విడుదల కాలేదు. 1947లో పార్కర్ బృందం రికార్డు చేసిన ‘డొనా లీ’ రచనకు కర్తగా పార్కర్ పేరు అచ్చయింది. అది తన రచన అని ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ చెప్పిన మాటను నేడు ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. అదే డేవిస్ 1959 నాటి ‘బ్లూ ఇన్ గ్రీన్’ రచన విషయంలో అవతలి పక్షాన ఉన్నాడు: ఆల్బం మీద ఆయన ఒక్కరి పేరే ఉంటే, అది తనదని పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ చెప్పుకొన్నాడు. లేబుల్ మీది పేరు ఎవరికి డబ్బు చేరాలో చెబుతుంది, ఎవరు రచించారో అన్నిసార్లూ చెప్పదు. ఇలాంటి చోట్ల వాద్యకారుల నోటిమాటే పత్రాన్ని సరిదిద్దుతుంది.

అడిగేవారు ఎవరన్నది చివరి అంశం. విమర్శకులూ సేకర్తలూ చాలాకాలం ఎక్కువగా తెల్లవారే. వారి ముందు నల్ల వాద్యకారులు జాతివివక్ష గురించి, డబ్బు గురించి ఆచితూచి మాట్లాడటం ఆశ్చర్యం కాదు. డ్రమ్స్ వాద్యకారుడు ఆర్థర్ టేలర్ 1960ల చివర, 1970ల మొదట తన తోటి వాద్యకారులను తానే ఇంటర్వ్యూ చేసి 1977లో సొంతంగా ప్రచురించిన గ్రంథంలో స్వరం పూర్తిగా మారుతుంది: కంపెనీల లెక్కలు, క్లబ్బు యజమానులతో తగవులు, విమర్శకుల మీద అసహనం, సాధన, ఆరోగ్యం అందులో దాపరికం లేకుండా వస్తాయి. మనుషులు వారే, తరం అదే. మారినది ఎదుటి కుర్చీలోని మనిషి.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే ఆచరణకు పనికివచ్చే సూత్రం ఒకటి తేలుతుంది. తేదీలు, వయసులు, ఎవరు ముందు అన్న దావాలు, కర్తృత్వ వివాదాలు చర్చి రిజిస్టరుతోనో, పత్రికా వార్తతోనో, యూనియన్ ఒప్పందంతోనో, మరో స్వతంత్ర సాక్షితోనో సరిపోలేదాకా దావాలుగానే మిగలాలి. వాయించే పద్ధతి, బృందంలోని కట్టుబాట్లు, జీతభత్యాలు, ప్రయాణాల్లో బస దొరకని రాత్రులు, ఒకరి దగ్గర మరొకరు నేర్చుకొన్న తీరు వంటి పునరావృతమైన అనుభవాల విషయంలో వాద్యకారుల మాటకు మించిన ఆధారం తరచుగా దొరకదు. ఏ మాటనైనా వాడుకొనే ముందు అచ్చుప్రతిని వదిలి టేపు దాకా, ఉల్లేఖనను వదిలి మూలవ్యాసం దాకా వెళ్లడం పరిశోధకుడి బాధ్యత. జాజ్ చరిత్రలో పొరపాట్లు పాతుకుపోయింది వాద్యకారులు తప్పు చెప్పినందుకు కంటే, విన్నవారు సరిచూడకుండా అచ్చువేసినందుకే.